గాలివార్త రాసింది నేనే

మీరు చేసిన పనికి మీ కళ్లెదుటే మరొకరు దోషిగా నిలబడితే, మీరు ఎప్పుడైనా చూస్తూ కూర్చున్నారా? దాటవేయకుండా జవాబు చెప్పండి.

నేను కూర్చున్నాను. ఊరికే కూడా కూర్చోలేదు. నాలుగు నీతిమాటలు చెప్పి, న్యాయమూర్తి అనిపించుకుని మరీ కూర్చున్నాను. ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లన్నీ ఒక చెయ్యి గుప్పిట బిగించుకుని తిరిగినట్టుగా గడిచాయి. రెండో చేత్తో వ్యాసాలు రాశాను, సభల్లో చప్పట్లు అందుకున్నాను. గుప్పిట మాత్రం విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను. చూడండి.

నేను హేతువాదిని. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నేరం మొదలయ్యేది అక్కడే. అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉంటాను, కార్ల బ్రేకులు పరీక్షించే చోట ఇంజనీరుని. బ్రేకు పడకపోతే కారణం వెతకడం నా జీతపు పని. మిగతా సమయంలో బాబాల మోసాల మీద, ముహూర్తాల మీద, వీసా కోసం గుడి చుట్టూ తిరిగే చదువుకున్నవాళ్ల మీద రాస్తాను. తెలుగువాళ్ల సమావేశాల్లో ఖాళీ చేతిలోంచి విభూతి తీసి, అది ఎలా తీశానో పిల్లలకు చూపిస్తాను. ఎదుటివాడి చేతులు చూపించమని అడగడమే నేను జీవితమంతా చేసిన పని. అలాంటి నేను ఏం దాచానో చెప్పాలంటే ముందు ఒక ఆట గురించి చెప్పాలి.

ఆట అంటే కథ. నలుగురం కలిసి ఇంటర్నెట్‌లో రాసుకునే కథ. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. నా పాత్ర ఒక మాట అంటే మీ పాత్ర మీ ఇష్టం వచ్చినట్టు బదులిస్తుంది. రేపు ఏం జరుగుతుందో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు. మా రాజ్యం పేరు వెన్నెలకోట. అక్కడ మాట్లాడే గద్దలుండేవి, రాతి మనుషులుండేవారు, కొండ మీద గుడి పూజారులు రాజ్యమేలేవారు. నీలవేణి అనే నది ఎండిపోయి ఉండేది. జనం పాపం చేయడం వల్ల ఎండిందని పూజారులు చెప్పేవారు. కొన్ని వందలమంది ఆ కథను వారం వారం చదివేవారు, కింద వ్యాఖ్యలు రాసేవారు. మీరు కూడా వాళ్లలో ఒకరేమో.

నలుగురిలో నేను కూర్పరిని. ఎవరి పాత్ర ఎటు పోతోందో చూసి, ఒకదానికొకటి అడ్డం పడకుండా కథను నడిపించడం నా బాధ్యత. నోవైలోనే ఉండే భాస్కర్ బందిపోటు దొరగా రాసేవాడు, అతను రాస్తే చదువరులు నవ్వలేక చచ్చేవారు. కాపెల్‌లో ఉండే సుజాత మంజరి అనే వైద్యురాలి పాత్ర రాసేది. సుజాత ఊరు బాపట్ల దగ్గర, ఆసుపత్రిలో నర్సు, ఆదివారం తప్పకుండా తెలుగు చర్చికి వెళ్లే మనిషి. నన్ను అన్నయ్యా అని పిలిచేది. నాలుగో మనిషి నిత్య. ఎడిసన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆమె పాత్ర కోట కాపలా కాసే విలుకత్తె. ఈ కథ కోసమే తెలుగు రాయడం నేర్చుకుంది. మొదట్లో రెండు వాక్యాలకు మించి రాసేది కాదు. తర్వాత తర్వాత పేజీలు రాసింది. ఆ పేజీలు దిద్ది పెట్టింది సుజాతే. నిత్య ఆమెను ఆంటీ అనేది కానీ, వాళ్లు మాట్లాడుకుంటుంటే వింటే అక్కాచెల్లెళ్లనుకుంటారు.

మాకు రెండు కట్టుబాట్లుండేవి. రెండూ నేను పెట్టినవే.

మొదటిది, ప్రతి పాత్రకూ రాబోయే పెద్ద మలుపును రాసేవాళ్లు ఇద్దరికే చెప్పాలి: కూర్పరికి, తోడు రచయితకి. ఎవరికి ఎవరు తోడో చదువరులకు కూడా తెలుసు. సుజాతకు తోడు నిత్య. రెండోది గాలివార్త. అది మనిషి కాదు, వెన్నెలకోట సంతలో పుట్టే పుకారు. దానికి ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ నలుగురికీ ఇచ్చాం. ఎవరైనా ఆ పేరుతో వచ్చి కథలోకి ఒక పుకారు వదలవచ్చు. ఎవరు వదిలారని అడగకూడదు. వదిలినదాన్ని చెరపకూడదు. అందరి పాత్రలూ దాన్ని విన్నట్టే నడుచుకోవాలి. కథకు ఊపిరి పోసింది ఆ పుకార్లే. ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న కట్టుబాటు అది. పేరు లేని నోరు ఒకటి తయారుచేసి నలుగురి చేతికీ ఇచ్చాను. దేవుడి పేరు చెప్పుకుని ఎవడైనా ఏదైనా అనొచ్చునని ఊరూరా ఎగతాళి చేసిన నేనే.

కథ ముగింపుకు వస్తున్న రోజులవి. నా పథకం నాకుంది. నది ఎండలేదు, పూజారులే కొండ గుహలో తూము తలుపు మూశారు. జనం అది కనిపెట్టి తలుపు బద్దలు కొడతారు. నీళ్లొస్తాయి, మూఢత్వం కొట్టుకుపోతుంది. ఎంత చక్కగా ఉంది చూడండి, పాఠ్యపుస్తకంలో పెట్టుకోవచ్చు.

అప్పుడు సుజాత తన మలుపు పంపింది. నమ్మకం పోగొట్టుకున్న మంజరి చివర్లో ఎండిన నది ఇసుకలో మోకరిల్లి ప్రార్థిస్తుంది. అంతే. ఫోన్ చేసి చెప్పింది కూడా. తూము తలుపు మీవాళ్లు బద్దలు కొట్టండన్నయ్యా, సరిగ్గా అదే వేళకు ఈమె ఇక్కడ మోకాళ్ల మీద ఉంటుంది, నీళ్లు ఎందుకొచ్చాయో చదివేవాళ్లే అనుకుంటారు, మీకూ నాకూ ఇద్దరికీ చోటుంటుంది అంది. ఇంతకంటే న్యాయమైన మాట ఎవరంటారు? ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. భర్తకు కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ నడుస్తోంది. చర్చిలో అందరూ ఆయన కోసం ప్రార్థిస్తున్నారు, తనకు మాత్రం నోట మాట రావడం లేదు. రోగులకు ధైర్యం చెప్పీ చెప్పీ తన దగ్గర ఏమీ మిగల్లేదట. మంజరి నోటితో రాస్తుంటే మాత్రం వస్తోందట. "ఇది నాకు రాసుకోవాలనుందన్నయ్యా," అంది. ఈ మలుపు సంగతి నిత్యకు, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదంది.

ఆ ప్రార్థన చిత్తుప్రతి ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని, మధ్యాహ్నం భోజనం చేస్తూ చదివాను. చుట్టూ మురికిపట్టిన మంచు గుట్టలు. డయాలసిస్ చేసే చోట, భర్త పక్కన కుర్చీలో కూర్చుని రాసుకున్న వాక్యాలవి. మంజరి దేవుణ్ణి ఏమీ అడగదు. నువ్వు లేవని నాకు తెలుసు, అయినా ఇంకెవరితో చెప్పుకోను అంటుంది. చదివాక నేను అన్నం డబ్బా మూత పెట్టలేకపోయాను. కళ్లు తడిశాయి. ఆ తడే నాకు కోపం తెప్పించింది.

ఎందుకు? ఈ ప్రశ్నను నేను ఎన్ని రకాలుగా వేసుకున్నానో. ఆశయం కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చదువరుల్లోకి మూఢనమ్మకం పాకకుండా ఆపానని. అబద్ధం. నా ముగింపు పక్కన ఆమె ముగింపు పెడితే జనం దేన్ని గుర్తుపెట్టుకుంటారో నాకు ఆ కార్లోనే తెలిసిపోయింది. నా వాదం గెలవాలంటే ఆమె వాక్యం ఉండకూడదు. అది సిద్ధాంతమా, అసూయా? అసూయే. దానికి సిద్ధాంతం చొక్కా తొడిగాను. ఎదురుగా వాదించి ఉండొచ్చు, వాదించడమే కదా నా అలవాటు. ఓడిపోతానేమోనని వాదించలేదు.

గాలివార్త పేరుతో లోపలికి వెళ్లి రాశాను. మంజరి పూజారులకు అమ్ముడుపోయింది, పున్నమి నాడు ఎండిన నదిలో మోకరిస్తుంది, ఆమె కళ్లు మూసుకోగానే వాళ్లు పైన తూము ఎత్తుతారు, మహిమ చూడాలనుకునేవాళ్లు రండి అని. అది పోస్ట్ చేసి, చేతులు తుడుచుకుని, ఆఫీసులోకి వెళ్లి మీటింగ్‌లో కూర్చున్నాను.

సాయంత్రానికి చదువరులంతా దాన్నే పట్టుకున్నారు. ఇక మంజరి ఎంత నిజంగా మోకరించినా అది నాటకమే. మా కట్టుబాటు ప్రకారం పుకారును చెరపడానికి లేదు. ఆమె ప్రార్థనను ఆమె రాయకముందే దొంగదాన్ని చేసేశాను.

శనివారం మధ్యాహ్నం నలుగురం వీడియో కాల్‌లో కలిశాం. భాస్కర్ వాతావరణం తేలిక చేద్దామని, గాలివార్తకి లైసెన్స్ ఇచ్చిందే మనం కదన్నా, ఇప్పుడు దానికి చలాన్ రాస్తే ఎట్ల అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సుజాత డ్యూటీ దిగి వచ్చినట్టుంది, మెడలో ఇంకా ఆసుపత్రి బ్యాడ్జీ ఉంది.

"పుకారు ఎవరన్నా రాసుకోవచ్చు, దానికేం కాదు," అంది. "మోకరిల్లే సంగతి ఎలా తెలిసింది? అది నేను ఇద్దరికే చెప్పాను."

నిత్య వెంటనే అంది: "ఆంటీ, ఐ స్వేర్, నేను ఎవరికీ చెప్పలే."

"నువ్వే కదమ్మా, ఎండింగ్ బాలేదన్నావు."

"అన్నాను. మీతో అన్నాను. ఇది నేను కాదు ఆంటీ."

సుజాత నా వైపు తిరిగింది. స్క్రీన్ మీద అందరూ అందరి వైపూ ఒకేలా చూస్తారు కదా, అయినా ఆ చూపు నా మీద పడ్డట్టు తెలిసింది. "అన్నయ్యా, మీరేమన్నా మొహం మీదే అంటారు. మిమ్మల్ని అనుమానించను. కానీ అడగాలి కదా. మీరా?"

"నేను అలాంటి పని చేస్తానా అమ్మా?" అన్నాను.

గమనించారా? అబద్ధం ఆడలేదు. ప్రశ్న వేశాను. ఎంతమంది బాబాలను ఈ ఒక్క ఎత్తుగడ దగ్గర పట్టుకున్నానో నేను. జవాబు చెప్పాల్సిన చోట ప్రశ్న వేసేవాణ్ణి నమ్మొద్దని రాసిన వ్యాసం నా పేరుతోనే ఉంది.

అప్పుడు నిత్య నన్ను పిలిచింది. "అంకుల్, మీరైనా చెప్పండి. మీరు లాజికల్‌గా ఆలోచిస్తారు. ప్లీజ్, ఆంటీకి చెప్పండి."

ఆ పిల్ల తర్కాన్ని నమ్ముకుని నా దగ్గరికి వచ్చింది. ఇద్దరికే తెలిసిన సంగతి బయటపడింది, తాను చెప్పలేదని తనకు తెలుసు. ఇక మిగిలింది ఎవరు? ఆ లెక్క ఆమెకు రాకపోదు. వచ్చే ఉంటుంది. అయినా నా నోటితో నేనే ఒప్పుకునేందుకు నాకొక తలుపు తెరిచిందేమోనని ఇప్పుడనిపిస్తుంది.

నేనన్నాను: "ఆధారం లేకుండా ఎవర్నీ నిందించొద్దు. చిన్నపిల్ల. తెలిసో తెలియకో నోరు జారి ఉంటుంది. ఇంతటితో వదిలేద్దాం."

ఎంత పెద్దమనిషి తీర్పు. మొదటి వాక్యంతో న్యాయమూర్తినయ్యాను, మూడో వాక్యంతో శిక్ష వేశాను. భాస్కర్ తల ఊపాడు. సుజాత ఏడుస్తూ, నిన్ను నా సొంత పిల్ల అనుకుని చెప్పానమ్మా అంది. "ఓకే," అంది నిత్య. "ఓకే, అంకుల్." కాల్‌లోంచి వెళ్లిపోయింది. ఆ రెండో మాట ఆంటీతో కాదు, నాతో. అప్పుడే నాకు అర్థమైంది ఆమెకు తెలుసని.

సుజాత ఇక రాయనని చదువరులకు ఒక చిన్న ముక్క పెట్టింది. నమ్మి చెప్పిన మాట బయటికి వచ్చింది, అందుకని మానుకుంటున్నాను అని మాత్రమే రాసింది. ఎవరి పేరూ రాయలేదు. రాయనక్కర్లేదు, తోడు ఎవరో అందరికీ తెలుసు. కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాట నిలబెట్టుకోవడం ఏం తెలుసు అని ఒకరు. మన భాష వచ్చినంత మాత్రాన మన మనసు వస్తుందా అని ఇంకొకరు. పుట్టుకను బట్టి మనిషిని అంచనా వేయొద్దని ఇరవైసార్లు ఉపన్యాసమిచ్చిన నేను ఆ వ్యాఖ్యలన్నీ చదివాను. కూర్పరిగా వాటిని తీసేసే అధికారం కూడా నాకుంది. ఒక్కటీ తీయలేదు. వాళ్లు నిత్యను తిడుతున్నంతసేపూ నా వైపు ఎవరూ చూడరు కదా.

ముగింపు నేనే రాశాను. తూము తలుపు బద్దలైంది, నీళ్లొచ్చాయి. మంచి హేతువాద కథ అని మెచ్చుకున్నారు. మంజరి ఏమైందని ఎవరో అడిగారు. కోట విడిచి వెళ్లిపోయిందని ఒక వాక్యం రాసి పెట్టాను.

మీరు అడగకముందే ఒకటి చెప్తాను. సుజాత భర్త బాగున్నారు. ఆయన చెల్లెలు కిడ్నీ ఇచ్చింది, మంచి డాక్టర్లు దాన్ని అమర్చారు. ప్రార్థనల వల్ల కిడ్నీలు బాగుపడవని నేను ఇప్పటికీ అంటాను, రేపు కూడా అంటాను. ఈ ఒప్పుకోలు చదివి, పాపం హేతువాదికి జ్ఞానోదయమైందని ఎవరైనా సంబరపడితే వాళ్లతో నాకు మళ్లీ తగాదా తప్పదు. దేవుణ్ణి నమ్మకపోవడం నా తప్పు కాదు. వాదనలో దొంగదెబ్బ తీశాను, ఏ తప్పూ చేయని పిల్ల మీదికి నింద తోశాను. నా తప్పు అది. అది దేవుడున్నా తప్పే, లేకపోయినా తప్పే. లేకపోతే ఇంకా పెద్ద తప్పు. క్షమించేవాడు పైన ఎవడూ లేనప్పుడు, దిద్దుకోవలసింది ఇక్కడే, మనుషుల ముందే.

మరి ఇన్నాళ్లూ ఎందుకు దిద్దుకోలేదు? సమయం మించిపోయింది అనుకున్నాను. ఆట గురించి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. నిత్య మరిచిపోయి ఉంటుందనుకున్నాను. కారణాలు వెతకడం నా వృత్తి కదా, కావలసినన్ని దొరికాయి.

ఈ శీతాకాలం ఎడిసన్‌లో నా కార్యక్రమం జరిగింది. ఎప్పటిలాగే ఖాళీ అరచెయ్యి చూపించి, విభూతి తీశాను. ముందు వరసలో కూర్చున్న ఒక పాప అంది: "అంకుల్, ఇంకో చెయ్యి చూపించండి." హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. విభూతి ఉండ దాచింది ఆ చేతిలోనే మరి.

తర్వాత అక్కడి ఓక్ ట్రీ రోడ్డు మీద హోటల్లో అందరం టిఫిన్ చేస్తుంటే ఒకావిడ నా పక్కన వచ్చి కూర్చుని పరిచయం చేసుకుంది. నిత్య వాళ్లమ్మ. ఆవిడకు ఏమీ తెలియదు. మా అమ్మాయి మీ కథలో రాసేదండీ, ఎంత బాగా రాసేదో అంది. ఇప్పుడు రాస్తోందా అని అడిగాను, దోసె వైపు చూస్తూ.

"మానేసిందండీ. నాతో కూడా ఇంగ్లీషే. ఎందుకే అనడిగితే, తెలుగులో నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు మమ్మీ అంది. ఏం జరిగిందో చెప్పదు."

చెప్పలేదు. ఇన్నేళ్లలో అమ్మకు కూడా నా పేరు చెప్పలేదు. ఆ పిల్లకు మాట నిలబెట్టుకోవడం ఏం తెలుసని అడిగిన పెద్దలకు ఈ సంగతి వినిపించాలి. తన దగ్గర ఆధారం లేదు కాబట్టి నన్ను నిందించలేదు. నేను దొంగనోటితో పలికిన సూత్రాన్ని ఆమె నిజంగా పాటించింది.

ఆ దోసె పూర్తిచేయలేకపోయాను.

నోవైకి తిరిగి రాగానే ముగ్గురికీ రాశాను, సంతకం పెట్టి. గాలివార్త నేనే, నిత్యకు ఏ పాపం తెలియదు అని మొదటి వాక్యంలోనే చెప్పాను. భాస్కర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఆ పిల్ల ముందు నేను తల ఊపిన," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. సుజాత నాకు జవాబివ్వలేదు. అదే రోజు నిత్యకు ఫోన్ చేసిందని భాస్కర్ ద్వారా తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకునే హక్కు లేదు. నిత్య నుంచి ఒక్క మాట కూడా రాలేదు. వస్తుందని ఎదురుచూడటం కూడా ఒక రకం దురాశే.

ఇక్కడ నా పేరు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అడగాలి. నా పేరు పెడితే వాళ్లు ముగ్గురూ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకే అందరి పేర్లూ మార్చాను, రాజ్యం పేరూ మార్చాను. ఇది కూడా మరో గాలివార్తేనా? ఆ భయం నాకుంది. కాకపోతే దీన్ని ఎవరు రాశారో తెలియవలసిన ముగ్గురికీ తెలుసు. మిగతా మీరందరూ పోల్చుకోగలిగితే పోల్చుకోండి, కాదనను.

భారం దిగలేదు. దిగుతుందని రాయలేదు కూడా. గుప్పిట విప్పాక వేళ్లు నొప్పి పెడుతున్నాయి, అంతకుముందు ఆ నొప్పి కూడా తెలిసేది కాదు. అంతవరకే.

ఇక మీ సంగతి. నలుగురు కలిసి రాసిన కథ కింద, పుట్టిన చోటు ఎత్తి చూపి ఒక పిల్లను మాట తప్పినదని మీరెప్పుడైనా రాసి ఉంటే, ఆ మాట ఇంకా అక్కడే ఉంది, ఆమె తెరిచిన ప్రతిసారీ కనిపిస్తూ. కథ నాది కాకపోయినా, పిల్ల వేరే అయినా సరే. వెళ్లండి. మీ వ్యాఖ్య గుట్టుగా చెరిపేసి రావద్దు. దాని కిందే, మీ పేరుతో, తెలుగులో, మేము తప్పు చేశాం, నువ్వు నిజం చెప్పావు అని రాయండి. నన్ను తిట్టడం తర్వాత. ముందు ఆ పని చేయండి.